కోరంగి రేవు పూడింది, మన వలస పూడలేదు

(జగదేవ్‌పూర్ దళితవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మేం పదకొండు మందిమి చందాలు వేసుకొని కోరంగి అనే ఊరికి పోయొచ్చినం. "ఏ గుడికి పోయిండ్రు సార్? సముద్రంల మునిగొచ్చిండ్రా?" అని వాడల చాలామంది అడిగిండ్రు. గుడికి పోలేదు. మునగనీకీ పోలేదు. మనలాంటి కూలినాలి జనం ఒకప్పుడు వేలకు వేలమంది ఏ రేవు పేరు మోసుకొని దేశం దాటిండ్రో, ఆ రేవును కండ్లజూడనీకి పోయినం. చూసింది, విన్నది, చదివింది మీ ముందర పెడుతం. చివరికి మీతోని ఒక పని కూడ అడుగుతం.

ఇప్పుడక్కడ ఏముంది?

కోరంగి కాకినాడ జిల్లాల, తాళ్ళరేవు మండలంల ఉంది. కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు మీద ఊరు. మన గోదావరి ధవళేశ్వరం దాటినంక పాయలు పాయలుగ చీలిపోతది. అందులో గౌతమి పాయ సముద్రంల కలిసే చోటుకు దగ్గర్ల ఉంటది కోరంగి. బాసర కాడ, ధర్మపురి కాడ మనం చూసే గోదావరే అది. ఆఖరికి అక్కడ ఉప్పునీళ్ళల్ల కలుస్తది.

ఇప్పుడు అక్కడికి పోయేటోళ్ళు మడ అడవి చూడనీకి పోతరు. 1978లో దాన్ని అభయారణ్యం చేసిండ్రు. 235 చదరపు కిలోమీటర్లు. అడవి లోపలికి చెక్కబాట కట్టిండ్రు. ఆ బురదల చెట్ల వేర్లు గాలికోసం నేల నుంచి పైకి లేచి నిలబడి ఉంటయి. మడ అడవి తుఫానుకు అడ్డం నిలబడుతదని అక్కడి మత్స్యకారులు చెప్పిండ్రు. ఆ మాట నిజం. చేపకు, రొయ్యకు, పీతకు అది పురిటిల్లు. పడవ ఎక్కితే కాలువెంట తిప్పి చూపిస్తరు. చెట్టుకు పేరు రాసిన బోర్డుంది, పిట్టకు పేరు రాసిన బోర్డుంది, నీటిపిల్లికి బొమ్మ ఉంది. అన్నీ ఉండాల్సినయే. కానీ ఓడెక్కి పోయిన కూలీల పేరు మీద ఒక్క రాయి ఉంటదేమోనని మేం పొద్దంత తిరిగినం. మా కండ్లకైతే కనపడలేదు.

ఓడలు ఆగే రేవు కూడ ఇప్పుడు లేదు. ఒక కాలువ, చేపల పడవలు, రొయ్యల చెరువులు, ఇండ్లు. అంతే.

ఒకప్పుడు ఏముండె?

రెండు వందల ఏండ్ల కింద కోరంగి అంటే ఈ తీరంల పెద్దపేరు. కలకత్తాకు, సింహళంల ఉన్న తిరుకోణమలైకి నడుమ పెద్ద ఓడను లోపలికి తెచ్చి మరమ్మతు చేసే చోటు ఇదొక్కటే అని ఇంగ్లీషోళ్ళ గెజిటీర్లు రాసినయి. ఇక్కడ ఓడలు కట్టిండ్రు. పక్కన ఇంజరంల ఇంగ్లీషు కంపెనీ బట్టల వ్యాపారం, ఇటుపక్క యానాంల ఫ్రెంచోళ్ళ వ్యాపారం. చెక్క కోసినోళ్ళు, తాడు పేనినోళ్ళు, మూటలు మోసినోళ్ళు, బురద తవ్వినోళ్ళు ఎవరు? కంపెనీ దొరల పేర్లు పుస్తకాల్ల ఉన్నయి. వీళ్ళ పేర్లు లేవు.

సముద్రం రెండుసార్లు ఆ ఊరి మీదికొచ్చింది. 1789 డిసెంబరులో ఒకదాని ఎనుక ఒకటి మూడు పెద్ద అలలు వచ్చినయని, 20,000 మంది దాకా చచ్చిపోయిండ్రని రాసిండ్రు. మళ్ళ 1839 నవంబరులో ఇంకో పెద్ద ఉప్పెన. అందులో 3,00,000 మంది చచ్చిపోయిండ్రని చాలా పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తూ వచ్చినయి. అంత జనం అప్పుడక్కడ ఉన్నరా అని ఆ లెక్కను నమ్మనోళ్ళే ఎక్కువ. మనం ఆలోచించాల్సింది వేరే ఉంది. చచ్చినోళ్ళను లెక్కబెట్టినోడే ఉంటే లెక్కల్ల ఇంత తేడా ఎట్ల వస్తది? ఒక ఓడ మునిగితే దాని పేరు, దాని సరుకు, దాని ధర రాస్తరు. ఒక పల్లె మునిగితే "వేలమంది నేటివులు" అని రాసి ఊకుంటరు. కలకత్తాల ఉండి 'సైక్లోన్' అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి తుఫాను గురించి రాసిండు. తుఫానుకు పేరు దొరికింది. తుఫానుల పోయినోళ్ళకు పేరు దొరకలే.

రేవును ఉప్పెన ఒక్కటే చంపలేదు. గోదావరి ఏటేటా తెచ్చిపోసే ఒండ్రుమట్టి చంపింది. కాలువ పూడి, పెద్ద ఓడలు లోపలికి రాలేక, వ్యాపారం అంత కాకినాడకు జరిగింది. రేవు పోయింది. కానీ పేరు మాత్రం కూలీల నెత్తిన కూసోని సముద్రాలు దాటింది.

ఊరి పేరు కూలి పేరెట్ల అయింది?

ఇంగ్లండు 1833లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేసింది. మారిషస్ దీవిల 1835లో బానిసలు విడుదలైండ్రు. మరి చెరుకు తోటలు ఎవరు కొట్టాలె? అప్పుడు మన దేశం దిక్కు చూసిండ్రు. అయిదేండ్ల కరారు కాగితం మీద ఏలిముద్ర పెట్టించుకొని ఓడెక్కించిండ్రు. 1834 నుంచి మారిషస్‌కు దాదాపు 4,50,000 మంది పోయిండ్రు. మన తెలుగు గడ్డ మీద సరిగ్గా ఆ ముందరనే, 1832-33లో, గుంటూరు సీమల డొక్కల కరువు వచ్చింది. ఆకలి ఒకదిక్కు, ఏజెంటు ఒకదిక్కు. 1843లో తెలుగు కూలీలను మారిషస్‌కు మోసిన ఓడ పేరు కూడ 'కోరంగా ప్యాకెట్'. అందుకే ఆ దీవిల తెలుగోళ్ళందరికీ 'కోరంగీలు' అని పేరు పడ్డది. ఒక రేవు పేరు ఒక జాతి పేరైంది.

ఆ తర్వాత రంగం. రంగం అంటే బర్మా దేశపు రంగూన్ పట్నం. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం దిక్కు ముసలోళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటరు. 1852లో ఇంగ్లీషోళ్ళు కింది బర్మాను ఆక్రమించుకున్నరు. వరి పండించి ప్రపంచానికి అమ్మాలె. రేవుల బస్తాలు మొయ్యాలె, మిల్లులు నడవాలె, రిక్షాలు లాగాలె, పాకీ దొడ్లు ఎత్తాలె. కాకినాడ నుంచి, విశాఖ నుంచి, భీమిలి నుంచి, కళింగపట్నం నుంచి స్టీమర్లు పెట్టిండ్రు. అప్పటికే కోరంగి రేవు పూడింది. అయినా రంగంల దిగిన ప్రతి తెలుగు కూలీని 'కోరంగీ' అనే పిలిచిండ్రు.

ఎవరు పోయిండ్రు? మాలలు, మాదిగలు, ఇతర పేద కులాలోళ్ళు. సముద్రం దాటితే కులం చెడుతదని పెద్దకులపోళ్ళు భయపడ్డ కాలం అది. మనకు చెడనీకి ఏ కులం ఉండె? వాడ దాటితేనే మైల అన్న ఊరికంటే సముద్రమే నయమనుకున్నరు.

కూలీలను తీస్కపోయేటోణ్ణి మేస్త్రీ అనేటోళ్ళు. ఊరికొచ్చి అడ్వాన్సు చేతుల పెడతడు. స్టీమరు కిరాయి వాడే కడతడు. అక్కడ దిగినంక పని వాడు చూపిస్తడు, కూలి వాని చేతికొస్తది. వాడు అప్పు కోసుకొని, వడ్డీ కోసుకొని, వాని వాట కోసుకొని మిగిలింది ఇస్తడు. ఓడ వస్తే పని, ఓడ రాకపోతే పస్తు. ఇరుకు గదుల్ల వంతులేసుకొని పడుకునేటోళ్ళు. అప్పు తీరిందాక ఊరికి పోయే మాట లేదు.

ఈ మాటలు చెప్తుంటే దుబాయి పోయొచ్చిన తమ్ముళ్ళు నవ్వుకుంటున్నరు. మాకు కనపడుతనే ఉంది.

1930ల ఏం జరిగింది?

ఇది సంఘం పనిచేసేటోళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 1930 మే నెలల రంగూన్ రేవుల తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిండ్రు. చదువు రానోళ్ళు, అప్పులల్ల మునిగినోళ్ళు, పరాయి దేశంల సమ్మెకట్టి నిలబడ్డరు. ఆ చరిత్ర మన పాఠ్యపుస్తకాల్ల లేదు. కంపెనీలోళ్ళు ఏం జేసిండ్రు? పనిలేక తిరుగుతున్న బర్మా పేదోళ్ళను పట్టుకొచ్చి పనిల పెట్టిండ్రు. కొన్ని దినాలకు తెలుగు కూలీలతోని రాజీ అయింది. మే 26 పొద్దున బర్మా కూలీలు ఎప్పటిలెక్కనే పనికొచ్చిండ్రు. ఇంక మీరొద్దు పొమ్మన్నరు. రేవుల మొదలైన కొట్లాట పట్నమంత పాకింది. వందమందికి పైగ చచ్చిపోయిండ్రు. అందులో ఎక్కువమంది తెలుగు కూలీలు. వేలమంది పాత పిచ్చాసుపత్రి కట్టడంల తలదాచుకున్నరు.

కొట్లాట బర్మావాడికి, తెలుగువాడికి మధ్యన అని రాసిండ్రు. కూలి పెంచనని మొండికేసింది బర్మా కూలీ కాదు. తెలుగు కూలీ కూడ కాదు. ఇద్దరి కడుపులను ఒకదానిమీదికి ఒకటి తోలినోడు వేరే ఉన్నడు. వాడు ఆ రోజు వీధిల లేడు, ఆఫీసుల ఉన్నడు. ఇయ్యాల మన ఊర్ల నాటుకు, కోళ్ళ ఫారాలకు, కట్టుడు పనికి బీహారోళ్ళు, ఒడిశావోళ్ళు వచ్చిండ్రని, మన కూలి పడగొట్టిండ్రని కొందరు తమ్ముళ్ళు కోపం చేస్తున్నరు. కూలి పడగొట్టింది వాళ్ళు కాదు, వాళ్ళను చూపి మనకు తక్కువ ఇచ్చేటోడు. రంగూన్ల మనం వచ్చినోళ్ళం. ఇక్కడ వాళ్ళు వచ్చినోళ్ళు. వాళ్ళను కూడ మన సంఘంల కూసోబెట్టుకోవాలె.

ఆ తర్వాత యుద్ధం. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులేసినయి. 1942ల నాలుగు లక్షలకు పైగ మన దేశపోళ్ళు బర్మా ఇడిసి వచ్చిండ్రు. పైసలున్నోళ్ళు ఓడెక్కిండ్రు. కూలీలు అడవులెంట, కొండలెంట నడిసిండ్రు. ఆ నడకల కూడ తెల్లోళ్ళకు ఒక దారి, నల్లోళ్ళకు ఒక దారి పెట్టిండ్రు. కలరాతోని, మలేరియాతోని, ఆకలితోని వేలకు వేలమంది దారిలనే పడిపోయిండ్రు. 1962ల సైన్యం రాజ్యానికొచ్చినంక మిగిలినోళ్ళల్ల కూడ లక్షలమంది తిరిగొచ్చిండ్రు. విశాఖపట్నంల బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది.

తాళ్ళరేవు దిక్కు ఒక వాడల మేం ఒక ముసలమ్మతోని మాట్లాడినం. మేం అవ్వా అంటే ఆమె మామ్మా అనండి బాబూ అని నవ్వింది. ఆమె చెప్పిన మాట ఇది: "మా తాత రంగం ఎల్లాడండి. రెండుసార్లు డబ్బు పంపేడంట. మూడోసారి డబ్బూ రాలేదు, మనిషీ రాలేదు. మా నాయనమ్మ బొట్టు తియ్యాలో ఉంచాలో తెలీకుండానే పోయిందండి."

ఒక మనిషి బతికిండో చచ్చిండో చెప్పే కాగితం లేదు. ఆ కాగితం లేక ఒక ఆడమనిషి బతుకంత ఎదురుచూసుకుంటనే చచ్చిపోయింది.

నీళ్ళు వచ్చినయి, భూమి రాలే

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. కరువు ఉండె గనుక పోయిండ్రు అంటరు. మరి ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు కట్టిండ్రు? 1847ల మొదలుపెట్టి 1852ల అయిపోగొట్టిండ్రు. కింది బర్మా ఇంగ్లీషోళ్ళ చేతులకు పోయింది కూడ 1852లనే. ఆనకట్టతోని గోదావరి డెల్టా పచ్చగయింది, కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టిండ్రు. కానీ ఆ డెల్టా నుంచే, ఆ పచ్చటి పొలాల నడుమ నుంచే, తర్వాత ఎనభై తొంభై ఏండ్లు జనం రంగం పోతనే ఉన్నరు. ఎందుకు?

నీళ్ళు వచ్చినయి గానీ భూమి మనది కాలే. కాలువ తవ్వింది మన చేతులు, పారింది వాళ్ళ పొలంల. పంట పెరిగినకొద్దీ పొలం ఉన్నోడు ఎదిగిండు, పాలేరు పాలేరుగనే మిగిలిండు. పాలేరుతనం కంటే మేస్త్రీ అప్పు నయమనుకొని ఓడెక్కిండ్రు. రేవుకు జనాన్ని తోలింది ఒక్క కరువే కాదు. భూమి లేనితనం, దానికి కాపలా ఉన్న కులం.

ఈ మాట ఇక్కడ ఎందుకు చెప్తున్నమో మీకు తెలుసు. 2020 మే 29న మన పక్కనే మర్కూక్ కాడ కొండపోచమ్మ సాగర్‌కు గోదావరి నీళ్ళొచ్చినయి. 15 టీఎంసీల రిజర్వాయరు. కోరంగి కాడ సముద్రంల కలిసే గోదావరిని ఇంత ఎత్తుకు మోసుకొచ్చిండ్రు. దాని కోసం బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి ఊర్లు లేచిపోయినయి. నీళ్ళు మంచియే. నీళ్ళు వద్దని మేం అంటలేం. నీళ్ళొచ్చినంక ఎకరం ధర కోట్లకు పోయింది. ఆ ఎకరం ఎవరిది? 2014 ఆగస్టు 15న దళితులకు మూడెకరాల పథకం మొదలుపెట్టిండ్రు. ఎంతమందికి అందిందో చేతులెత్తుమంటే ఎన్ని చేతులు లేస్తయో మీకే ఎరుక. అందుకే నీళ్ళు మన ఊరి దిక్కు వస్తుంటే మన పిల్లలు ఎయిర్‌పోర్టు దిక్కు పోతున్నరు.

మేం మీతోని అడిగే పని

మారిషస్‌ల ఒక సంగతి ఉంది. అక్కడ కూలీలు దిగిన రేవు మెట్లను ఆప్రవాసీ ఘాట్ అని కాపాడుకున్నరు. 2006ల యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వం అని గుర్తించింది. అంతకంటే ముఖ్యమైంది రిజిస్టరు. దిగిన ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎక్కి వచ్చిన ఓడ పేరు రాసిండ్రు. తర్వాత ఫోటోలు కూడ తీసిండ్రు. ప్రేమతోని రాయలే. పారిపోతే పట్టుకోనీకి రాసిండ్రు. దొర తన అవసరానికి రాసిన ఆ రిజిస్టరును పట్టుకొని ఇయ్యాల మనుమలు మునిమనుమలు తాత ఊరు వెతుక్కుంటున్నరు. రంగం పోయినోళ్ళకు మేస్త్రీ పద్దు తప్ప ఇంకో పద్దు లేదు. మేస్త్రీ పోతే పద్దు పోయింది. తాళ్ళరేవు మామ్మ వెతకనీకి ఏ కాగితమూ లేదు.

ఇప్పుడు మన సంగతి చూడుండ్రి. పది పాసుకాని కూలీ గల్ఫ్ దేశం పోవాలంటే సర్కారు కాడ నమోదు కావాలె. నమోదైతే ప్రవాసీ భారతీయ బీమా ఉంటది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. పనిల ప్రమాదంతోని చచ్చిపోయినా, శాశ్వతంగ కాలుచేతులు పోయినా 10 లక్షలు. మరి మన ఏజెంటు ఏం జేస్తడు? లక్షకు పైగ పైసలు తీసుకొని విజిట్ వీసా చేతుల పెడతడు. విజిట్ వీసా మీద పోయినోడు కూలీగ ఏ లెక్కలకు రాడు. బీమా లేదు. గడువు దాటితే ఖల్లివెల్లి. చచ్చిపోతే శవం రావడానికి నెలలు. 2024ల మన రాష్ట్ర సర్కారు గల్ఫ్‌ల చచ్చిపోయిన కూలీ కుటుంబానికి 5 లక్షలు ఇస్తమని ఉత్తర్వు తీసింది. అది రావాలన్నా కాగితం ఉండాలె. మనిషి పోయినంక కాగితం వెతికితే దొరకదు.

అందుకే వాడ వాడకు ఒక రిజిస్టరు పెడదాం. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. పోయిన మనిషి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు. ఏ దేశం, ఏ ఊరు. పాస్‌పోర్టు నంబరు, వీసా ఏ రకం. ఏజెంటు ఎవరు, ఎంత తీసుకున్నడు, ఏ సాక్షి ముందర ఇచ్చినం. అక్కడి కంపెనీ పేరు, ఫోను నంబరు. ఎంత అప్పు, ఎవరి కాడ, ఎంత మిత్తి. దేశం దాటినోళ్ళయే కాదు. హైదరాబాదుకు, భీవండికి, బొంబాయికి పోయినోళ్ళయి కూడ. ఇక్కడికొచ్చిన బీహారు, ఒడిశా కూలీలయి కూడ రాద్దాం. రాసేది మన బడిపిల్లలు. పది చదివే ఆడపిల్లలున్నరు, చక్కగ రాస్తరు. దాచేది సంఘం. నెలకొకసారి అమాసనాడు కూసోని ఎవరి కాడి నుంచి ఫోను వచ్చింది, ఎవరి కాడి నుంచి రాలేదు అని చదువుదాం. రెండు నెలలు ఫోను రాకపోతే సంఘం కదలాలె. మండలాఫీసుకు, కలెక్టరుకు కాగితం పెట్టాలె.

ఆ బుక్కులనే ఇంకో పేజీ ఉండాలె. ఈ ఇంటికి ఎంత భూమి ఉంది? ఎప్పుడు పోయింది? ఎవరి చేతికి పోయింది? మనిషి ఎందుకు పోయిండనే ప్రశ్నకు జవాబు ఆ పేజీల ఉంటది. రేపు భూమి అడగనీకి పోతే మన చేతుల ఉండే ఆధారం అదే.

1917ల బెజవాడల ఆది ఆంధ్ర సభ జరిగినప్పుడు అధ్యక్షత వహించింది మన హైదరాబాదు భాగ్యరెడ్డి వర్మ. ఆ తర్వాత నాలుగేండ్లకు, 1921లో, రాజమండ్రి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని అడిగిండు. 1944 సెప్టెంబరులో బాబాసాహెబ్ కాకినాడకు, రామచంద్రపురానికి వచ్చిండు. ఆ తీరానికి, మన తెలంగాణకు మధ్యన దారి మన పెద్దలు ఎప్పుడో ఏసిండ్రు. ఆ దారెంటనే మేం పోయొచ్చినం. తాళ్ళరేవు వాడల పిల్లలతోని కూడ మాట్లాడినం. రంగం పోయిన వాళ్ళ తాతల పేర్లు ఇంటింటికి తిరిగి రాస్తమని వాళ్ళు ఒప్పుకున్నరు. వాళ్ళ బుక్కు, మన బుక్కు ఒకనాడు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇయ్యాల ఇక్కడ మొదటి బుక్కు తెచ్చినం. పెన్ను కూడ ఉంది. సభ అయినంక టీ తాగి పోకుండ్రి. ఎవరి ఇంట్ల నుంచి ఎవరు పోయిండ్రో చెప్పి పోండ్రి. మొదటి పేరు, చిన్నదైనా పెద్దదైనా, తల్లి నోటి నుంచి రావాలని మా కోరిక.

జై భీమ్!